పాటలు వాయించడు సరే, మరి రాత్రంతా ఏం చేస్తున్నట్టు?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి. దాచుకున్న డబ్బులతో 1980ల నాటి యమహా డీఎక్స్7 కీబోర్డు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఒక్క పాటా వాయించడు, రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బటన్లు నొక్కుతూ కూర్చుంటాడు. ఇంజినీరింగ్ వద్దట, సౌండ్ డిజైనర్ అవుతాడట. ఆ కీబోర్డు అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి. ఓ సాయంత్రం వాడి పక్కన కూర్చుని ఆ హెడ్‌ఫోన్స్ మీరు పెట్టుకోండి. రెండే ఆపరేటర్లు ఆన్‌లో ఉంచి (ఆపరేటర్ అంటే సైన్ వేవ్‌ని, అంటే ఏ కలగలుపూ లేని ఒకే నాదాన్ని పుట్టించేది), ఒకదానితో రెండోదాన్ని మాడ్యులేట్ చేయమనండి, అంటే దాని ఫ్రీక్వెన్సీని ఊపమనండి. వాటి ఫ్రీక్వెన్సీల నిష్పత్తి 1.00 ఉన్నంతసేపూ మామూలు స్వరమే, దాన్ని 1.41కి జరపగానే అదే మీట గంట కొట్టినట్టు మోగుతుంది. మాడ్యులేటర్ (ఊపే ఆపరేటర్) లెవెల్ పెంచితే మోత పదునెక్కుతుంది, సున్నా చేస్తే ఈల వేసినట్టు మెత్తగా మిగులుతుంది. మీవాడు రాత్రంతా చేస్తున్నది ఇదే, కాకపోతే ఆరు ఆపరేటర్లతో, వాటిని కలపడానికి ఉన్న 32 అల్గారిథమ్‌లతో.

ఈ ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) పద్ధతిని కనిపెట్టింది కూడా ఇంజినీరు కాదు. జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు 1967లో స్టాన్‌ఫర్డ్‌లో వైబ్రాటో (స్వరం ఊగడం) వేగాన్ని పెంచుకుంటూ పోతే, ఒక దశ దాటాక ఊగడం వినిపించకుండా పోయి కొత్త నాదమే పుట్టింది. దానికి యమహా లైసెన్స్ తీసుకుంది, 1983లో డీఎక్స్7 వచ్చింది. అందులో తిప్పడానికి నాబ్‌లు ఉండవు, చిన్న తెర, విలువలు మార్చే స్లైడర్ ఒక్కటి, అంతే! అందుకే చాలామంది కంపెనీ ముందే చేసి ఇచ్చిన సౌండ్లతోనే (ప్రీసెట్లు) సరిపెట్టుకున్నారు. అలాంటి దాని లోపలికి వెళ్లి తవ్వుతున్నాడంటే పిల్లాడికి ఓపిక ఉన్నట్టే, నేను చూసేది అదే.

అయితే పాత సింథ్ (ఇలా నాదాల్ని తయారుచేసే ఎలక్ట్రానిక్ వాద్యం) మీద మోజుకి ఎవరూ జీతం ఇవ్వరు, ఆ మాట వాడికీ చెప్పండి. పనులున్నది గేమ్ ఆడియోలో, ప్లగిన్లు (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్రోగ్రాములు), సింథ్‌లు తయారుచేసే కంపెనీల్లో. వీటిలో సౌండ్ డిజైన్ ఒక్కటే నమ్ముకుంటే ఫ్రీలాన్స్ పనుల మధ్య ఖాళీలు తప్పవు. ఇంజినీరింగ్ వద్దనడం దగ్గరే నేను వాడితో ఒప్పుకోను. 1.41 దగ్గర గంట ఎందుకు మోగిందో చెప్పేది గణితమే, ఎలక్ట్రానిక్స్‌లోనో కంప్యూటర్ సైన్స్‌లోనో చేరి సిగ్నల్ ప్రాసెసింగ్, సీ ప్లస్ ప్లస్ గట్టిగా పట్టుకుంటే ఆడియో సాఫ్ట్‌వేర్ రాసే పని కూడా వాడికి అందుతుంది. డెక్సెడ్ అని డీఎక్స్7ని కంప్యూటర్లో అనుకరించే ఉచిత ప్లగిన్ ఉంది, దాని కోడ్ కూడా బయటికే ఉంది. కూర్చుని చదవమనండి. రెండు వారాలకే విసుగొస్తే అదీ ఒక సమాధానమే.

ఇంకో సంగతి. ఆ కీబోర్డు మెమరీ లోపలున్న బ్యాటరీ మీద నడుస్తుంది, అది చచ్చిందంటే చేసుకున్న సౌండ్లన్నీ గల్లంతే. మిడి కేబుల్‌తో (వాద్యాన్ని కంప్యూటర్‌కి కలిపేది) సిస్‌ఎక్స్ ఫైళ్లుగా, అంటే ఆ సౌండ్ల సెట్టింగులు దాచే ఫైళ్లుగా, కంప్యూటర్లోకి ఈ వారమే దించుకోమనండి, రేపు పని అడగడానికి వెళ్లినప్పుడు వాడు చూపించాల్సింది వాటినే.