తాతగారి ట్రంకుపెట్టెలో తూటాలు, దొడ్లో రైలు పట్టా

ప్రశ్న: మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేశారు. ఆయన పోయి ముప్ఫై ఏళ్లు. మొన్న పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో రెండు మెడల్స్, ఒక బాయినెట్ (తుపాకీ మొనకు తగిలించే కత్తి), బాణం గుర్తున్న నీళ్ల సీసా, ఆరు తూటాలు బయటపడ్డాయి. దొడ్డి గేటుకు స్తంభంగా పాతిన రైలు పట్టా ముక్క కూడా ఆయన కాలంనాటిదే. ఇవన్నీ సర్కారు సామాన్లనీ, తెల్లవాళ్ల చట్టం ఇంకా ఉందనీ, జైలు తప్పదనీ మా బావ భయపెడుతున్నాడు. రాత్రికి రాత్రి కాలవలో పడేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ కాలవ ఆలోచన మానుకోండి. లేని కేసును చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది.

మీ బావగారి భయంలో సగమే నిజం. లిట్టన్ వైస్రాయ్‌గా ఉండగా 1878లో వచ్చిన ఆయుధాల చట్టం ఇప్పుడు లేదు. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు, మనవాడికి కావాలి అన్న చట్టం అది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన మన్యం మీ పక్కనే. సర్కారు ఆయుధం మాటెత్తితే మీ వైపు పెద్దవాళ్లు గొంతు తగ్గించారంటే అర్థం ఉంది. ఆ 1878 చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చి, 1962 అక్టోబర్ 1 నుంచి అమలవుతోంది. మీకు వర్తించేది ఇదే.

అసలు చిక్కు ఆ ఆరు తూటాలతోనే. లైసెన్సు లేకుండా తూటా ఉన్నా తుపాకీ ఉన్నట్టే లెక్క. 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా, పైగా జరిమానా. అయితే ఇంట్లో ఉందని తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో, మళ్లీ 1994లో సంజయ్ దత్ కేసులో చెప్పింది. అటక మీద ఏముందో తెలియనంతకాలం మీ తప్పు లేదు. పెట్టె మూత తీసిన రోజు నుంచి మాత్రం తెలియదనే మాట చెల్లదు. 1959 చట్టం 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా తూటాలను దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు దొరికాయో రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. పాత తూటాలు కదా, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్లకండి. స్టేషన్‌కు చెప్పి వాళ్లనే రమ్మనండి. తుప్పు వదిలించాలని రుద్దడం, సుత్తితో కొట్టడం వద్దు.

బాయినెట్ సంగతి వేరు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రాంతాల్లోనే దానికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతం సంగతి స్టేషన్‌లోనే అడిగి, అదే కాగితంలో రాయించండి. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి అమ్మకానికి మాత్రం దిగకండి. నీళ్ల సీసా మీది బాణం బ్రిటిష్ సర్కారు తన సామాను మీద వేసుకున్న ముద్ర. యుద్ధం అయ్యాక మిగులు సామాను కుప్పలుగా వేలం వేశారు. ముద్ర ఉన్నంత మాత్రాన నేరం కాదు, దొంగసొత్తని తెలిసి ఉంచుకుంటేనే నేరం.

మీ బావగారికి తట్టనిది రైలు పట్టా! తెల్లవాళ్ల వాసన ఇంకా ఉన్నది అక్కడే. యుద్ధకాలంలో, 1944లో, రైల్వే సామాను మీద ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. దాన్నే 1955లో చట్టం చేశారు, 1966లో ఇంకా గట్టిగా మార్చారు. మామూలు దొంగతనం కేసులో నేరం రుజువు చేసే భారం సర్కారుది. ఈ రైల్వే చట్టం కింద మాత్రం మీ దగ్గరున్నది రైల్వే సొత్తనీ, దొంగిలించిందనే అనుమానానికి కారణం ఉందనీ వాళ్లు చూపిస్తే చాలు, సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది మీరే. మొదటిసారికే ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. రైల్వే వేలంలో అమ్మేసిన తుక్కు ఇక రైల్వే సొత్తు కాదు, కాబట్టి వేలం రసీదు దొరుకుతుందేమో పెట్టెలో వెతకండి. లేకపోతే, ఆ పట్టా ఎప్పటినుంచో అక్కడే ఉందని చూపడానికి గేటు కనిపించే పాత పెళ్లి ఫొటో ఉన్నా పనికొస్తుంది. పాత ఇనుము కొట్లో తూకానికి వేస్తే మాత్రం అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒకవేళ ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు వచ్చి అడిగితే, వకీలు లేకుండా ఏదీ రాసివ్వకండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదన్న రక్షణ ఆర్పీఎఫ్ విచారణకు వర్తించదని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. మొహమాటానికి "తాత ఎక్కడినుంచో తెచ్చాడండీ" అన్న ఒక్క ముక్క మీ మీదికే వస్తుంది.

మెడల్స్ మీ కుటుంబానివే. వాటిని ఎవరికీ అప్పగించక్కర్లేదు.