రన్‌వే పని నేర్చుకోవాలంటే ఏ చదువు చదవాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా. మా అబ్బాయి డిప్లొమా సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. రన్‌వే మరమ్మతు పనులకు వెళ్లొచ్చిన బంధువు మాటలు విన్నప్పటి నుంచి తానూ ఆ పనిలోకే వెళ్తానంటున్నాడు. ఒక సంస్థ ‘ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్’ కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. చేర్పించమంటారా?

జవాబు: చేర్పించకండి. అటువంటి కోర్సుల్లో ఎక్కువ భాగం టికెట్ కౌంటరు, ప్రయాణికుల సేవ, సామాను నిర్వహణ వంటి ఉద్యోగాల కోసం రూపొందించినవి. మీ అబ్బాయి కోరుకుంటున్నది సివిల్ ఇంజనీరింగ్‌లో పేవ్‌మెంట్ విభాగానికి, అంటే రోడ్లు, రన్‌వేల పొరలు వేసి కాపాడే విభాగానికి, చెందిన పని కాబట్టి, అందుకు కావలసిన పునాది ఇప్పుడు చదువుతున్న డిప్లొమాలోనే ఉంది.

ముందుగా ఆ పని స్వభావం చెబుతాను, ఎందుకంటే దూరం నుంచి చూస్తే రన్‌వే కూడా ఒక వెడల్పాటి తారురోడ్డులాగే కనిపిస్తుంది. రోడ్డు మీద కంకర రాయి లేస్తే మహా అయితే అద్దం పగులుతుంది. రన్‌వే మీద అదే రాయిని జెట్ ఇంజను లోపలికి లాక్కోవచ్చు, లేదా అది టైరును కోయవచ్చు. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానం టైరు పేలి, ఆ ముక్కలు ఇంధన ట్యాంకును తాకి, 113 మంది చనిపోవడానికి మొదటి కారణం అంతకుముందు వెళ్లిన మరో విమానం నుంచి రన్‌వే మీద రాలిపడిన ఒక లోహపు పట్టీ. అందుకే ఈ రంగంలో ‘ఎఫ్‌ఓడీ’ అనే మాట, అంటే రన్‌వే మీద ఉండకూడని ఏ వస్తువైనా సరే, రోజూ వినిపిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చిన్న రన్‌వేలున్న చోట విమానాలు తిరిగే ప్రాంతాన్ని రోజుకు కనీసం ఒకసారి, పెద్ద రన్‌వేలున్న చోట కనీసం రెండుసార్లు తనిఖీ చేయాలి.

రెండో శత్రువు నీరు. విమానం దిగిన ప్రతిసారీ టైరు రబ్బరు కొంత రన్‌వేకు అంటుకుంటుంది, అది పేరుకుపోయిన చోట వాన పడితే ఉపరితలం జారుడుగా మారుతుంది. 2021 నవంబరు 4 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ విధానంలో రన్‌వేను మూడు భాగాలుగా చూసి, ఒక్కో భాగానికి 0 నుంచి 6 వరకు అంకె ఇస్తారు. పొడిగా ఉంటే 6, నీరు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే 5, తడిస్తే జారుతుందని తేలిన ఉపరితలమైతే 3, నీరు 3 మిల్లీమీటర్లు దాటి నిలిస్తే 2. పైలట్ ఎంత దూరంలో ఆగగలడో లెక్క వేసుకునేది ఈ అంకెల ఆధారంగానే కాబట్టి, వానలో నిలబడి కొలిచి రాసిన మనిషి నిజాయితీ మీద విమానంలోని వారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. వాలు సరిగా లేక నీరు నిలవడం, పగుళ్లు పూడ్చడం ఆలస్యమై నీరు కింది పొరల్లోకి దిగడం, నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగడం, ఇవన్నీ రాయలసీమలో రోడ్లు వేసినవారికి తెలిసిన విషయాలే.

చిన్న విమానాశ్రయంలో ఒక సౌకర్యం ఉంది. పగటిపూట కొన్ని విమానాలే నడిచే చోట, చివరి విమానం వెళ్లాక పని చేసుకోవడానికి సమయం దొరుకుతుంది. అయితే తెల్లవారేసరికి రన్‌వేను తిరిగి అప్పగించాలి. కొత్త తారు పొర ఎక్కడ ఆగిందో అక్కడ మెట్టులా వదిలేయకుండా, అయిదు సెంటీమీటర్ల వరకు మందమున్న పొరకు అర శాతం నుంచి ఒక శాతం లోపు వాలుతో పాత ఉపరితలానికి తాత్కాలికంగా కలపాలి. రాత్రి పని, పగటి నిద్ర కొన్నాళ్లు తప్పవని ఇంట్లో అందరూ ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక దారి. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, అంటే ఏఏఐ, ఇటీవలి ప్రకటనల్లో సివిల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులను బీటెక్ అర్హత, గేట్ అనే జాతీయ స్థాయి ఇంజనీరింగ్ పరీక్ష స్కోరు ఆధారంగా భర్తీ చేస్తోంది. వయోపరిమితి 27 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. వేతన శ్రేణి రూ. 40,000 నుంచి 1,40,000. కాబట్టి డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ సివిల్ రెండో సంవత్సరంలో చేరడం, మూడో సంవత్సరం నుంచే గేట్‌కు చదవడం నా మొదటి సలహా. గేట్ స్కోరు బాగుంటే వరంగల్ ఎన్‌ఐటీ వంటి చోట రవాణా ఇంజనీరింగ్‌లో ఎంటెక్ కూడా చేయవచ్చు, కానీ ఈ ఉద్యోగానికి అది తప్పనిసరి కాదు.

ఇంటి పరిస్థితుల వల్ల వెంటనే సంపాదన కావాలంటే, రహదారి గుత్తేదారు దగ్గర, ముఖ్యంగా తారు మిశ్రమాన్ని పరీక్షించే ల్యాబ్‌లో చేరమనండి. రన్‌వే పనులు చేసేదీ ఎక్కువగా ఇటువంటి గుత్తేదారులే. జీతం మొదట్లో తక్కువే, ఎండలో నిలబడక తప్పదు. అయినా లక్షన్నర కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్ కంటే, రెండేళ్లు రోలరు వెనక నడిచిన అనుభవానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మీ అబ్బాయి ఆసక్తి నిలిచేదో కాదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఈ వానాకాలంలో వాన వెలిసిన ప్రతిసారీ కాలేజీ రోడ్డు మీద ఒకే అర కిలోమీటరు నడిచి, నీరు ఎక్కడ నిలిచింది, ఎంత లోతు, ఎంతసేపటికి పోయింది, కారణం ఏమై ఉంటుంది అన్నది తేదీ వేసి నోటు పుస్తకంలో రాయమనండి. పదోసారి కూడా మొదటిసారంత శ్రద్ధగా రాశాడేమో మీరే చూడండి.