అరల్లో పళ్ళేలు, సొరుగుల్లో చెంచాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పింగాణీ పళ్ళేలు, గిన్నెలు అన్నీ గోడ అల్మరాలో ఒకే అరలో పెట్టాం. మూడడుగుల అర నడుమ కిందికి వంగింది. తిరగేసి పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కొన్నాళ్ళు చదునుగా కనిపించి, తర్వాత మళ్ళీ వంగుతుంది. 27 సెంటీమీటర్ల పింగాణీ పళ్ళెం సుమారు 600 నుంచి 800 గ్రాములు తూగుతుంది. ఇరవై పళ్ళేలంటేనే 12 నుంచి 16 కిలోలు, గిన్నెల బరువు అదనం. ఇలాంటి అరలకు ఎక్కువగా వాడే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పలక) ఒక్కరోజులో వంగదు. నెలల తరబడి అదే బరువు మోస్తూ మెల్లగా కుంగుతుంది, బరువు తీసేసినా పూర్తిగా వెనక్కి రాదు.

బరువుకన్నా అర పొడవే ఎక్కువ దెబ్బ తీస్తుంది. అదే బరువుకు ఆనికల మధ్య దూరం సగమైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి మందం చెక్క కొనేముందు అర నడుమ ఒక నిలువు చెక్క ఆనించండి. కింద ఇంకో అర ఉంటే దానికీ అదే వరసలో ఆనిక పెట్టి అల్మరా అడుగుదాకా దింపాలి. లేకపోతే ఆ బరువంతా కింది అర నెత్తిన పడుతుంది. నిలువు చెక్క చేతికి అడ్డమనుకుంటే, అర ముందు అంచు కింద 4 సెంటీమీటర్ల ఎత్తు గట్టి చెక్కపట్టీని నిలబెట్టి స్క్రూలు బిగించండి. అరను మోసే పిన్నులు ప్లాస్టిక్‌వైతే లోహపువి వేయండి. రంధ్రం సాగిపోయి ఉంటే దాన్ని వదిలేసి పక్క రంధ్రానికి మారండి.

ఇవన్నీ చేసినా, పళ్ళేలకు సరైన చోటు కింది అల్మరానే. పైన కప్పులు, గ్లాసులు చాలు. ఒక దొంతరలో ఒకే సైజు పళ్ళేలు, ఎనిమిది పదికి మించకుండా పెట్టండి. పెద్దవాటి మీద చిన్నవి పేరిస్తే, పెద్దది కావాలన్నప్పుడల్లా పైవన్నీ దించాలి. అంచులు పెచ్చులూడేది చాలావరకు అప్పుడే. పళ్ళెం అడుగున మెరుపుపూత లేని గరుకు వలయం ఉంటే అది కింది పళ్ళేన్ని గీస్తుంది. మధ్యలో పలుచని గుడ్డో కాగితమో వేయండి.

ప్రశ్న: చెంచాల ట్రే సొరుగు తెరిచినప్పుడల్లా జారి అన్నీ కలిసిపోతున్నాయి. ఒక్కోసారి సొరుగు తెరుచుకోవడం లేదు కూడా.

జవాబు: ట్రే కొనేటప్పుడు సొరుగు ముందు పలక కొలిచి ఉంటారు. లోపలి వెడల్పు దానికన్నా చాలా తక్కువ. వెడల్పు, పొడవు, ఎత్తు మూడూ లోపలే కొలవండి. ట్రే వెడల్పు 3 నుంచి 5 మిల్లీమీటర్లు తక్కువుంటే చాలు. వెనక మిగిలే ఖాళీలో చెక్కముక్క ఇరికించి, ట్రే అడుగున జారని రబ్బరు మ్యాట్ పరవండి. గళ్ళు చెంచాలకన్నా కనీసం 2 సెంటీమీటర్లు పొడవుండాలి. పిడులు మీవైపు ఉంటే, నోట్లో పెట్టుకునే భాగం ముట్టుకోకుండా తీయొచ్చు.

సొరుగు ఇరుక్కోవడానికి కారణం సాధారణంగా గరిటె. దాని వంపు పైకి లేచి పై పట్టీకి తగులుతుంది. బలంగా లాగితే సొరుగు జారే లోహపు పట్టా (ఛానెల్) వంగుతుంది. సందులోంచి పలుచని స్కేలు దూర్చి గరిటెను కిందికి నొక్కుతూ మెల్లగా లాగండి. ఇకమీదట గరిటెలను లోతైన వేరే సొరుగులో పెట్టండి.

కత్తులను చెంచాలతో కలపడం మాత్రం పూర్తిగా మానేయండి. స్టీలుకు తగిలి పదును పోతుంది, వెతికే చేతికి కోసుకుంటుంది. గాళ్ళున్న చెక్క దిమ్మెలో గానీ ఒరలో గానీ ఉంచండి.

ప్రశ్న: గ్లాసులు బోర్లించి పెట్టాలా, నిలబెట్టాలా?

జవాబు: గాజు గ్లాసులైతే నిలబెట్టండి. వాటి అంచే అన్నిటికన్నా పలుచన, బోర్లిస్తే బరువంతా దానిమీదే పడుతుంది. తడి ఆరకుండా బోర్లిస్తే లోపల చెమ్మ చిక్కి వాసన వస్తుంది. అదే తడి బోర్డు అంచుల్లోకి దిగితే చెక్క ఉబ్బుతుంది, మళ్ళీ మామూలు కాదు. స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటే పైదాంట్లో చల్లని నీళ్ళు పోసి, కిందిదాన్ని వేడి నీళ్ళలో ఉంచి తిప్పుతూ లాగండి.

ప్రశ్న: కొత్త పళ్ళేలు పెట్టాక గోడ అల్మరా తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. కీలు పాడైందా?

జవాబు: ముందు పళ్ళెం వ్యాసం, అర లోపలి లోతు రెండూ కొలిచి చూడండి. బయటికి 30 సెంటీమీటర్లున్న అల్మరాలో వెనక పలక మందం పోగా లోపల 28 కూడా మిగలకపోవచ్చు. కీలు పక్కన పెట్టిన దొంతర దానికి కూడా తగులుతుంది. దొంతరను కీలు వైపు నుంచి నడుమకు జరిపి చూడండి. అప్పటికీ మూసుకోకపోతే పళ్ళేలను నిలువు స్టాండులో పెట్టి లోతైన కింది సొరుగులోకి మార్చండి.