అప్పు చేసి జోర్డాన్ వెళ్ళొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.72,000, ఏటా బోనస్ రూ.80,000. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు రూ.55,000. పొదుపు ఖాతాలో రూ.90,000 ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. వచ్చే మార్చిలో భార్య, నాలుగేళ్ళ పాపతో జోర్డాన్ వెళ్ళి, కొండల్లో చెక్కిన పురాతన నగరం పెట్రా, వాదీ రమ్ ఎడారి చూడాలని ఉంది. రూ.4 లక్షలు అవుతుంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? లేక భార్య నగలు తాకట్టు పెట్టడం మేలా?

జవాబు: రెండూ వద్దు. ‘ఈఎంఐ కట్టగలను కదా’ అన్న ఒక్క లెక్కతో విదేశీ ప్రయాణానికి అప్పు చేసేవాళ్ళు చాలామంది నా దగ్గరకు వస్తున్నారు. మీరూ అదే దారిలో ఉన్నారు కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఈ లోన్‌కు నెలకు దాదాపు రూ.13,670 కట్టాలి. అప్పుడు మీ నెల ఖర్చు రూ.68,670 అవుతుంది. జీతంలో మిగిలేది మూడు వేల చిల్లర. మూడేళ్ళలో కట్టే వడ్డీ సుమారు రూ.92,000, అంటే ఇప్పుడు మీ ఖాతాలో ఉన్న సొమ్మంతా.

అసలు సమస్య మీ ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకు దాచుకునే సొమ్ము. ఆరు నెలల ఖర్చు లెక్కన రూ.3.3 లక్షలు ఉండాలి. మీ దగ్గర రెండు నెలలకు కూడా లేదు. పైగా లోన్ తీసుకున్న రోజే ఆ అవసరం రూ.4.12 లక్షలకు పెరుగుతుంది. ఉద్యోగం పోతే హోమ్ లోన్ వాళ్ళు ఆగరు, పర్సనల్ లోన్ వాళ్ళు అసలే ఆగరు.

మీరు వెళ్ళే చోటును బట్టి కూడా ఆలోచించండి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ దాడులు మొదలైనప్పుడు జోర్డాన్ తన గగనతలాన్ని కొంతసేపు మూసేసింది. అలాంటప్పుడు పాపతో రాజధాని అమ్మాన్‌లో నాలుగు రోజులు అదనంగా ఉండాల్సి వస్తే ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? చాలా ట్రావెల్ పాలసీలు యుద్ధం వల్ల వచ్చే నష్టాన్ని చెల్లించవు. ప్రయాణం రద్దయినా ఈఎంఐ మాత్రం ఆగదు. అక్కడి కరెన్సీ కూడా చవక కాదు. జోర్డాన్ దినార్‌ను 1995 నుంచి డాలర్‌కు ముడిపెట్టారు, ఒక దినార్ అంటే దాదాపు 1.41 డాలర్లు. పెట్రాలో ఒక్కరోజు టికెట్ 50 దినార్లు, అంటే పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి దాదాపు 70 డాలర్లు.

మీకు నెలకు రూ.17,000 మిగులుతోంది. జీతం పడిన రోజే దాన్ని వేరే ఖాతాకు పంపండి. ఫండ్‌కు ఇంకా కావలసింది రూ.2.4 లక్షలు. ఆ తర్వాత టూర్‌కు రూ.4 లక్షలు. రెండు బోనస్‌లు కలిపితే రెండున్నరేళ్ళలో రెండూ పూర్తవుతాయి, లోన్ తీరడానికి పట్టే సమయం కంటే ముందే. అప్పటికి పాపకు ఆరేళ్ళు దాటుతాయి. పెట్రాలోకి వెళ్ళే సిక్ అనే ఇరుకు కనుమ దారి 1.2 కిలోమీటర్లు, పైన కొండలో చెక్కిన మొనాస్టరీ అనే కట్టడానికి దాదాపు 800 మెట్లు. ఇప్పుడైతే ఆ దూరమంతా ఎత్తుకునే తిరగాలి.

బోనస్‌లో కొంత తీసి ముందు కుటుంబానికి సొంతంగా రూ.10 లక్షల ఆరోగ్య పాలసీ తీసుకోండి. ఉద్యోగం మారితే కంపెనీ బీమా అక్కడితో సరి. హోమ్ లోన్ ఉండి కూడా మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఊసే లేదు, అదీ ఈ నెలలోనే చూడండి. టూర్‌కు ముందు ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకండి. వాదీ రమ్ క్యాంపులో ఒంట్లో బాగోలేకపోతే అకాబా పట్టణం దాకా రావాలి, కాబట్టి అత్యవసర తరలింపు ఖర్చు పాలసీలో ఉందో లేదో చూసుకోండి.

పర్యాటకులకు అమ్మే జోర్డాన్ పాస్‌ను ఇక్కడి నుంచి బయల్దేరే ముందే కొనండి. మూడు రాత్రులైనా ఉంటే 40 దినార్ల వీసా రుసుము మిగులుతుంది, పెట్రా టికెట్ కూడా అందులోనే వస్తుంది.

నగలకు వడ్డీ తక్కువే. కానీ అవి మీ ఇంట్లో చివరి ఆసరా. ఆసుపత్రి అవసరానికి తప్ప లాకర్‌లోంచి తీయకండి.