పినో దె షరాంత్‌లో సోడా పోస్తారా ఎవరైనా?

"ఫ్రెండ్ ఫ్రాన్స్ నుంచి పినో దె షరాంత్ బాటిల్ తెచ్చాడు. వైన్‌లా తాగాలా, విస్కీలా సోడా కలుపుకోవాలా?" అని అడిగారు.

రెండూ కాదండీ. ముందు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఫ్రాన్స్‌లోని లా రొషెల్ ఊళ్లో రెండేళ్లు చదువుకున్నాను. మా ఇంటి ఓనరమ్మకి డెబ్బై దాటాయి. చేరిన వారానికే, సెప్టెంబరులో, సాయంత్రం ఏడింటికి "అపెరో"కి రమ్మంది. అదే భోజనం కాబోలనుకుని మధ్యాహ్నం నుంచి కడుపు మాడ్చుకుని వెళ్లాను. (అపెరో అంటే భోజనానికి ముందు పుచ్చుకునే మందట. అసలు భోజనం తొమ్మిదింటికి. వీళ్లకి ఆకలి ఎప్పుడేస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.) పెరట్లో బల్ల మీద కోసిన కర్బూజ ముక్కలు, గుప్పెడు వేరుశనగలు, మూతి ముడుచుకున్న చిన్న గ్లాసులు. పినో సీసాకి చెమట పట్టి ఉంది. గ్లాసులో మూడో వంతు పోసింది, తేనె రంగు. తియ్యగా ఉంది కదా అని ఒక్క గుక్కలో పట్టించేశాను. ఆవిడ ఏమీ అనకుండా మళ్లీ పోసింది. అదీ అంతే. మూడోసారి మాత్రం పోయలేదు. సీసా నా వైపు తిప్పి, లేబుల్ మీద 17 శాతం అన్నచోట వేలు పెట్టింది. అప్పటికే నా చెవులు వేడెక్కిపోయాయి.

అందులో ఉన్న మోసమే అది. తాజా ద్రాక్షరసం పులిసేలోపే అందులో కోన్యాక్ (అక్కడి ద్రాక్ష బ్రాందీ) పోసేస్తారు. ఆ కోన్యాక్ కూడా అదే తోటది అయ్యుండాలి. దాదాపు మూడు పాళ్లు రసం, ఒక పాలు కోన్యాక్. పులవదు కాబట్టి ద్రాక్ష తీపి తీపిగానే ఉండిపోతుంది, ఘాటు దాని వెనకాల నక్కి ఉంటుంది. 1589లో ఒక రైతు ఖాళీదనుకుని కోన్యాక్ ఉన్న పీపాలో రసం పోసేశాడని, అలా పుట్టిందని అక్కడ అందరూ చెబుతారు. పొరపాటున పుట్టిందనే కథలేవీ నేను నమ్మను. పీపా ఖాళీదో కాదో ఎత్తితే తెలీదూ?

ఇక తాగడం. ఎనిమిది, పది డిగ్రీల చల్లదనం చాలు. ఐస్ వేస్తే నీళ్ల తేనే. ముందు వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని నాలుక మీద కాసేపు ఆపండి: తేనె, ఎండు ఆప్రికాట్, చివర్లో గొంతులో సన్నటి సెగ. ఏళ్ల తరబడి పీపాలో ఉన్నదైతే అక్రోటు రుచి కూడా తగులుతుంది. తినడానికి కర్బూజ, లేకపోతే ఘాటైన నీలి చీజ్. కర్బూజని సగానికి కోసి గుంటలో పినో పోసిస్తారు కొందరు. ఫొటోకి బాగుంటుంది గానీ పండూ పాడు, పినో కూడా పాడు. మిరపకాయ బజ్జీతో నేను ప్రయత్నించాను, మీరు వద్దు.

హైదరాబాద్‌లో మా బాబాయికి ఒక సీసా తెచ్చిచ్చాను. మనవాళ్లకి మందంటే పెగ్గు, పెగ్గంటే సోడా. "కూల్‌డ్రింకులా ఉందిరా" అని సగం తాగి, మిగిలింది టీవీ పక్కన షోకేసులో పెట్టాడు. మే నెల ఎండల్లో! తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, అదీ రెండు మూడు వారాల్లో కానిచ్చెయ్యాలి బాబాయ్ అని చెప్పాను. "ఫారిన్ సీసా, నలుగురికీ కనపడాలి కదరా" అన్నాడు. దసరాకి వెళ్తే అదే సీసా దించి నాకే పోశాడు.