తిరుపతి వైపు ఊళ్లలో తుపాను వానలకు ముందే జనం ఏం చేసుకోవచ్చు?

మా వైపు అసలు భయం గాలి కాదు, చెరువు కట్ట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కొండల నీళ్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వస్తే కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

అందుకే సెప్టెంబరులోనే కట్టమీది కంపచెట్లు వేర్లతో సహా తీసేసి, ఆ గుంతలు మట్టితో గట్టిగా పూడ్చాలి. లోపల మిగిలి చచ్చిన వేర్ల సందుల్లోంచి నీరు దారి చేసుకుంటుంది. మొరవలో, అంటే చెరువు నిండితే ఎక్కువైన నీరు బయటికి పోయే దారిలో, పూడిక తీయాలి. చేపల కోసం అక్కడ అడ్డం పెట్టిన వలలు తీయించడమే కష్టం, గొడవలవుతాయి. ఇసుక బస్తాలు ముందే నింపుకోండి. వాన రాత్రుల్లో ఇద్దరు కట్ట వెనకవైపు చూస్తుండాలి: తేటనీరు ఊరితే కాస్త టైముంది, బురదనీరైతే వెంటనే మైకులో చెప్పి ఊరు ఖాళీ చేయాల్సిందే. టౌనులోనైతే ముందు మురుగు కాలువలో ప్లాస్టిక్ తీయించండి.