ఇల్లు, ఊరు, ఖండం: మాట ఒకటే

ప్రశ్న: మలయ్‌లో ‘బెనువా’ అంటే ఖండం, ఫిజీలో ‘వనువా’ అంటే నేల అని చదివాను. రెండూ ఒకే మాటా?

జవాబు: ఒకటేనండీ. ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివి. ఆ మాట మూలరూపం ‘బనువా’, అంటే మనుషులు ఉండే చోటు. ఇండోనేషియా సులవేసి దీవిలోని తొరాజా తెగ వాళ్లకు అది ఇల్లు. ఫిలిప్పీన్స్‌లోని హిలిగైనాన్ భాషలో ‘బన్వా’ ఊరు. హవాయిలో ‘హోనువా’ ఏకంగా భూమి. 1980లో స్వతంత్రం వచ్చిన వనువాటు దేశం పేరులోనూ ఇదే ఉంది. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ‘ఫెనువా’. నేలకూ, కాన్పులో పడే మాయకూ వాళ్లది ఒకటే మాట. బిడ్డ పుట్టాక ఆ మాయను తమ పూర్వీకుల నేలలోనే పాతిపెట్టడం వాళ్ల ఆచారం. ఫిజీలోనూ ‘వనువా’ అంటే ఒట్టి మట్టి కాదు, దాని మీద బతికే జనం, వాళ్ల కట్టుబాట్లు కూడా.